ఫ్యామిలీ డాక్టర్ అవ్వాలా? హైదరాబాద్ విద్యార్థులు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

సైదాబాద్‌లో నాకు చిన్న క్లినిక్ ఉంది. ఎంబీబీఎస్ తర్వాత ఫ్యామిలీ మెడిసిన్‌లో డీఎన్‌బీ అనే పీజీ చేశాను. వారానికి ఒక్కరైనా హౌస్ సర్జన్లో (ఎంబీబీఎస్ చివర ఇంటర్న్‌షిప్ చేస్తున్నవాళ్ళు), బైపీసీ చదివే పిల్లను వెంటబెట్టుకుని వచ్చే అమ్మలో, నాన్నలో ఈ ప్రశ్నలే అడుగుతుంటారు. బయట పేషెంట్లు కూర్చుని ఉంటారు కాబట్టి ప్రతిసారీ సగం జవాబు చెప్పి పంపించేస్తున్నాను. మిగతా సగం కూడా చెప్పాలని ఇది రాశాను.

ఎంబీబీఎస్ చేసి క్లినిక్ పెట్టుకున్నవాళ్ళంతా ఫ్యామిలీ డాక్టర్లే కదా? మళ్ళీ ప్రత్యేకంగా చదవడం ఎందుకు?

మా చిన్నప్పటి గల్లీ డాక్టర్లు ఏ పీజీ లేకుండానే గొప్పగా పనిచేశారు. వాళ్ళ మీద నాకు చాలా గౌరవం. కానీ వాళ్ళు ఆ పనితనాన్ని పదీ పదిహేనేళ్ల ప్రాక్టీసులో, ఒక్కోసారి దెబ్బలు తిని నేర్చుకున్నారు. ఫ్యామిలీ మెడిసిన్ పీజీలో దాన్నే మూడేళ్లలో, పక్కన సీనియర్లు ఉండగా నేర్పుతారు. జనరల్ మెడిసిన్, పిల్లల వార్డు, ప్రసూతి, సర్జరీ, క్యాజువాలిటీ, ఎముకలు, చర్మం, కన్ను, చెవి ముక్కు గొంతు, మానసిక వైద్యం... ఇలా ఒక్కో విభాగంలో కొన్ని వారాలో నెలలో పని చేయిస్తారు. పసిబిడ్డ టీకా దగ్గర్నుంచి మంచం పట్టిన తాతగారి పుండు దాకా మొదట చూడాల్సింది మీరే. దేన్ని మీరే నయం చెయ్యగలరు, దేన్ని ఈ రాత్రికే పెద్దాసుపత్రికి పంపాలి అన్నది తేల్చుకోవడమే ఈ చదువులో అసలు సంగతి.

జనరల్ మెడిసిన్, కమ్యూనిటీ మెడిసిన్, ఫ్యామిలీ మెడిసిన్. మూడూ ఒకేలా వినిపిస్తున్నాయి.

జనరల్ మెడిసిన్ డాక్టర్ పెద్దవాళ్ళ జబ్బులను లోతుగా చూస్తారు. పిల్లలు, గర్భిణులు ఆ పరిధిలోకి రారు. కమ్యూనిటీ మెడిసిన్‌లో ఊరే పేషెంట్. బస్తీలో కలరా ఎందుకు వచ్చింది, టీకాలు ఎంతమందికి అందలేదు అని చూస్తారు. ఫ్యామిలీ మెడిసిన్‌లో మీ ముందు ఒక మనిషి కూర్చుంటారు, వాళ్ళ వెనకాల ఇల్లంతా ఉంటుంది.

ఏది వచ్చినా స్పెషలిస్టు దగ్గరికి రాసివ్వడమేగా మీ పని?

ఈ ప్రశ్న ఎక్కువగా తల్లిదండ్రులే అడుగుతారు. జవాబుగా ఒక సంచి గురించి చెప్తాను. మనిషిని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

డెబ్భై దాటిన రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ ఒకాయన కళ్ళు తిరుగుతున్నాయని వచ్చారు. "మీరు వేసుకునే మందులన్నీ తెచ్చారా అంకుల్?" అంటే, మెడికల్ షాపువాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ సంచి టేబుల్ మీద బోర్లించారు. పదకొండు రకాల షీట్లు. కొన్నిటికి రబ్బరు బ్యాండ్లు, కొన్నిటి మీద కోడలు స్కెచ్ పెన్నుతో వేసిన సూర్యుడు, చంద్రుడి బొమ్మలు. పొద్దున మాత్రకు సూర్యుడు, రాత్రి మాత్రకు చంద్రుడు. ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని, ఇది ఎప్పుడు మొదలైంది, ఎందుకు ఇచ్చారు అని అడుగుతూ వెళ్ళాను.

మొదట బీపీకి ఆమ్లోడిపిన్ 10 మిల్లీగ్రాములు. దానివల్ల కొందరికి పాదాలు వాస్తాయి, ఆయనకూ వాచాయి. ఆ వాపు ఇంకోచోట చూపిస్తే నీళ్ళు పోవడానికి మాత్ర ఇచ్చారు. దాంతో రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వచ్చి నిద్ర చెడింది, పొద్దున మంచం దిగగానే తూలడం మొదలైంది. తూలుతున్నారని మరొకరు కళ్ళు తిరిగేదానికి మాత్ర రాశారు. అది కడుపులో పడక మంట పుడితే గ్యాస్ మాత్ర. అప్పటికే ఆయన ఇంకో కంపెనీ పేరుతో అదే గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారు.

పడుకోబెట్టి బీపీ చూస్తే పైది 138. నిలబెట్టి చూస్తే 108. కళ్ళు తిరగడానికి కారణం ఆ తేడాయే. స్కానింగ్ అవసరం పడలేదు. బీపీ మందు మార్చి, నీళ్ళ మాత్ర ఆపి, వారం వారం రమ్మన్నాను. నెల తిరిగేసరికి సంచిలో ఆరు మిగిలాయి. తూలడం పోయింది.

ఆ మందులు రాసిన డాక్టర్లలో ఎవరి తప్పూ లేదు. ఎవరికి చూపించిన భాగాన్ని వాళ్ళు సరిగ్గానే చూశారు. సంచి మొత్తం చూసేవాళ్ళే లేకపోయారు. నా పని అది. ఇక స్పెషలిస్టు దగ్గరికి పంపడం కూడా పనిలో భాగమే, కానీ ఎవరి దగ్గరికి, ఎప్పుడు, ఏ ప్రశ్నతో పంపాలో తెలిసి పంపాలి. ఛాతీలో పట్టేసినట్టుంటే మనవాళ్ళు "గ్యాస్ పట్టింది" అంటారు. ఆ మాట నమ్మి సోడా తాగించి ఇంటికి పంపితే ప్రాణం పోవచ్చు. అందుకే నా గదిలో అన్నిటికన్నా ముందు కొన్నది ఈసీజీ మెషీన్.

మరి మెడికల్ కాలేజీలో ఈ సబ్జెక్టు పేరే వినపడదేం?

1961లో కెర్ వైట్ అనే అమెరికా డాక్టర్, ఆయన సహచరులు ఒక లెక్క వేశారు. అమెరికా, బ్రిటన్ వివరాలతో వేసిన లెక్క అది. వెయ్యిమంది పెద్దవాళ్ళను ఒక నెల పాటు గమనిస్తే 750 మందికి ఏదో ఒక నలత చేస్తుంది. 250 మంది డాక్టర్ దగ్గరికి వెళ్తారు. 9 మంది ఆసుపత్రిలో చేరతారు. మెడికల్ కాలేజీ ఆసుపత్రి దాకా వెళ్ళేది ఒక్కరు. నలభై ఏళ్ల తర్వాత, 2001లో, అమెరికాలో మళ్ళీ లెక్కిస్తే కూడా చిత్రం పెద్దగా మారలేదు.

మనం ఎంబీబీఎస్‌లో చదువు నేర్చుకునేది ఆ ఒక్కరి మంచం పక్కన నిలబడి. ఉస్మానియాలోనో గాంధీలోనో వార్డు రౌండ్లలో అరుదైన గుండె శబ్దాలు విని, కాలేయం ఎన్ని వేళ్ళు పెరిగిందో కొలిచి, ఇదే వైద్యం అనుకుంటాం. ఆ చదువు అవసరమే, నా పునాది కూడా అదే. కానీ ఆ 250 మందిని చూసే గది ఏ ప్రొఫెసర్ చూపిస్తారు? చాలా కాలేజీల్లో ఫ్యామిలీ మెడిసిన్ విభాగమే లేదు. చూడని దాన్ని ఎవరు మాత్రం కోరుకుంటారు? ఈమధ్య ఎంబీబీఎస్ పిల్లలకు కుటుంబాలను దత్తత ఇచ్చి ఇళ్ళకు పంపిస్తున్నారు. మీకు ఆ అవకాశం వస్తే హాజరు కోసం వెళ్ళి సంతకం పెట్టి రాకండి. అదే కుటుంబాన్ని ఏళ్ల తరబడి చూడండి. నచ్చిందంటే ఈ దారి మీదే.

ఎక్కడ చదవాలి? ఏయే డిగ్రీలు ఉన్నాయి?

ప్రధానంగా డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్. మూడేళ్లు. ఎంబీబీఎస్, ఇంటర్న్‌షిప్ అయ్యాక నీట్ పీజీ ప్రవేశ పరీక్ష రాసి, కేంద్రం తరఫున సీట్లు కేటాయించే ఎంసీసీ కౌన్సెలింగ్‌లో ఎంచుకోవాలి. జీతంలాగా స్టైపెండ్ ఇస్తారు. థీసిస్ ఉంటుంది, చివర థియరీ, ప్రాక్టికల్ పరీక్షలు ఉంటాయి. ఎండీ ఫ్యామిలీ మెడిసిన్ కూడా ఉంది కానీ సీట్లు చాలా తక్కువ. మన దేశంలో దాన్ని ముందుగా మొదలుపెట్టింది కేరళలోని కోజికోడ్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ. ఎయిమ్స్‌లలో కమ్యూనిటీ అండ్ ఫ్యామిలీ మెడిసిన్ అనే ఉమ్మడి విభాగం ఉంటుంది. మన బీబీనగర్ ఎయిమ్స్‌లోనూ ఉంది. ఇప్పటికే ప్రాక్టీసులో ఉన్నవాళ్ళ కోసం వెల్లూరు సీఎంసీ వాళ్ళు దూరవిద్యగా డిప్లొమా నడుపుతున్నారు. నేర్చుకోవడానికి మంచిదే, కానీ దాన్ని ఎండీ, డీఎన్‌బీలతో సమానం అనుకోవద్దు.

సీటు ఎంచుకునేటప్పుడు ఆసుపత్రి పేరు చూసి మోసపోకండి. ప్రస్తుతం అక్కడ చదువుతున్నవాళ్ళకు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి. అన్ని విభాగాల్లోకీ నిజంగా తిప్పుతున్నారా, లేక ఐసీయూ డ్యూటీలకు మనుషులు చాలక అక్కడే కూర్చోబెడుతున్నారా? ఓపీలో మీరే స్వయంగా పేషెంట్‌ను చూసే వీలుందా? ఈ రెండిటికీ సరైన జవాబు రాకపోతే వేరే చోటు వెతుక్కోండి. నేను ఈ ప్రశ్నలు అడగకుండా చేరాను. పిల్లల వార్డులో గడపాల్సిన నెలల్లో సగం ఐసీయూ రాత్రి డ్యూటీల్లో పోయాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి తర్వాత ఒక పిల్లల డాక్టర్‌గారి క్లినిక్‌లో సాయంత్రాలు ఊరికే కూర్చుని నేర్చుకున్నాను.

విదేశాల్లో ఎంబీబీఎస్ చేశాను. నాకూ అవకాశం ఉందా?

ఉంది. విదేశాల్లో చదివినవాళ్ళు రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్ష పాసై, ఇక్కడ ఇంటర్న్‌షిప్ పూర్తిచేసి, రిజిస్ట్రేషన్ అయ్యాక మిగతా అందరిలాగే నీట్ పీజీ రాయాలి.

మంచి ర్యాంకు వస్తే రేడియాలజీయో డెర్మటాలజీయో తీసుకోకుండా ఇది తీసుకోవడం ర్యాంకును వృథా చేసుకోవడం కాదా?

మా నాన్నగారు కూడా ఇదే అడిగారు. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పుడు ఉంది. ర్యాంకు మనకు ఎంచుకునే స్వేచ్ఛ ఇస్తుంది. ఆ స్వేచ్ఛతో నచ్చనిది ఎంచుకుంటే అసలు వృథా అది. చీకటి గదిలో ఫిల్ములు చూడటం మీకు ఇష్టమైతే రేడియాలజీ అద్భుతమైన బ్రాంచి, హాయిగా తీసుకోండి. ఫలానావాళ్ళ అబ్బాయి తీసుకున్నాడని మాత్రం తీసుకోకండి. ముప్ఫై ఐదేళ్లు చెయ్యాల్సిన పని అది.

భవిష్యత్తులో ఈ డాక్టర్లకు గిరాకీ ఉంటుందా?

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు సుమారు 10.1 కోట్లు. ఇంకో 13.6 కోట్ల మంది షుగర్ అంచున ఉన్నారు. వీళ్ళందరినీ ఎండోక్రైనాలజిస్టులు, అంటే హార్మోన్లు, షుగర్ స్పెషలిస్టులు చూడటం ఎలాగూ కుదరదు. ఎవరో ఒకరు మూడు నెలలకోసారి పాదాలు చూడాలి, కిడ్నీ పరీక్ష గుర్తుచేయాలి, "అన్నం తగ్గించారా?" అని అడగాలి. 2017 జాతీయ ఆరోగ్య విధానం ఫ్యామిలీ మెడిసిన్‌ను పెంచాలని చెప్పింది. 2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలోనూ దీని పీజీ కోర్సులను ప్రోత్సహించాలన్న మాట ఉంది. కాగితం మీద రాసినంత వేగంగా సీట్లు పెరగలేదు. నాకు అది బాధే. కానీ అవసరం మాత్రం మా గుమ్మం బయట బెంచీ మీద రోజూ కనిపిస్తుంది.

డబ్బు సంగతి నిజంగా చెప్పండి.

చెప్తాను. పెద్ద ఆపరేషన్లు చేసే డాక్టర్లకు వచ్చేంత రాదు. నా ఫీజు 300, వారంలోపు మళ్ళీ వస్తే తీసుకోను. మొదటి ఏడాది అద్దె, నర్సు జీతం పోను చేతిలో ఏమీ మిగల్లేదు. రెండో ఏడాది ఇల్లు గడిచింది. నాలుగో ఏడాదికి టెన్షన్ పోయింది. పేషెంట్లు పెరిగింది ప్రకటనలతో కాదు. ఒక ఇంట్లో అత్తగారికి నయమైతే కోడలు వస్తుంది, కోడలు పిల్లాణ్ణి తెస్తుంది, ఆ పిల్లాడి స్కూల్ టీచర్ వస్తుంది. మనవాళ్ళు దీన్ని హస్తవాసి అంటారు. హస్తవాసి కుదరడానికి ఒకేచోట కదలకుండా కూర్చోవాలి. రెండేళ్లకోసారి ఏరియా మార్చేవాళ్ళకు అది దక్కదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ల్యాబులూ స్కానింగ్ సెంటర్లూ కవర్లు పట్టుకుని వస్తాయి, పంపిన ప్రతి పేషెంట్‌కూ ఇంత అని. మొదటి రోజే వద్దని చెప్పెయ్యండి. ఒక్కసారి తీసుకున్నాక మీరు రాసే ప్రతి పరీక్ష మీదా మీకే అనుమానం వస్తుంది.

క్లినిక్ పెట్టేముందు తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో మీ పీజీ నమోదు, జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో క్లినిక్ రిజిస్ట్రేషన్, వాడిన సూదులూ దూదీ తీసుకెళ్ళే బయోమెడికల్ వ్యర్థాల ఏజెన్సీతో ఒప్పందం, ఈ మూడూ పూర్తిచేసుకోండి.

సొంత క్లినిక్ వద్దు. ఉద్యోగం దొరుకుతుందా?

దొరుకుతుంది. కార్పొరేట్ ఆసుపత్రుల ఓపీలు, కంపెనీల క్యాంపస్ క్లినిక్‌లు, ఇంటికి వెళ్ళి వృద్ధులను చూసే సేవలు, నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ కేంద్రాలు ఉన్నాయి. ప్రభుత్వంలో అయితే పీహెచ్‌సీలు, బస్తీ దవాఖానాలు. హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు 2018లో మొదలయ్యాయి. ఒక డాక్టర్, ఒక నర్సు, ఒక సహాయకురాలు ఉంటారు, చూడటం, మందులు ఉచితం. పీజీకి ముందు ఒక ఏడాది అక్కడ పనిచేసి చూడమని హౌస్ సర్జన్లకు నేను గట్టిగా చెప్తాను. ఈ పని మీకు పడుతుందో లేదో అక్కడ నెల రోజుల్లో తెలిసిపోతుంది.

అన్ని జబ్బులూ తెలిసి ఉండాలంటే భయమేస్తోంది. తప్పు జరిగితే?

భయం ఉండాలి. నాకు జరిగిన తప్పు చెప్తాను.

క్లినిక్ పెట్టిన మొదటి ఏడాది, అరవై దాటిన ఒక ఆమెకు షుగర్ మందు రాశాను. పొద్దున టిఫిన్‌కు ముందు గ్లిమెపిరైడ్. షుగర్ చక్కగా అదుపులోకి వచ్చిందని సంతోషపడ్డాను కూడా. రంజాన్ మూడో రోజు మధ్యాహ్నం ఆమె కొడుకు ఆటోలో తీసుకొచ్చాడు. ఒళ్ళంతా చెమటలు, మాట తడబడుతోంది, కొడుకునే గుర్తుపట్టడం లేదు. వేలు గుచ్చి చూస్తే 48. తెల్లవారుజామున సహరీలో రెండు ముద్దలు తిని, నేను రాసిన మాత్ర రాసినట్టే వేసుకుని, ఉపవాసం ఉన్నారు. గ్లూకోజ్ ఎక్కించాక పావుగంటలో తేరుకున్నారు. లేవగానే ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. రోజా పోయిందని మాత్రం ఏడ్చారు.

నేను పుస్తకం ప్రకారం అన్నీ అడిగాను, ఆమె రోజా ఉంటారా అని అడగలేదు. సైదాబాద్‌లో క్లినిక్ పెట్టుకుని అడగలేదు. అప్పటినుంచి రంజాన్‌కు నెల ముందే షుగర్ ఉన్న ముస్లిం పేషెంట్లందరినీ పిలిపించి, ఎవరు ఉండొచ్చో ఎవరు ఉండకూడదో మాట్లాడి, మాత్రల వేళలు, మోతాదులు మారుస్తాను. కార్తీకమాసంలో సోమవారాలు, శనివారం ఒక్కపొద్దులు కూడా కేసు షీట్‌లో రాసుకుంటాను. పాఠంలో చదివినది ఇల్లు తెలిస్తేనే పనికొస్తుంది.

తెలియనిది వస్తే పేషెంట్ ముందే పుస్తకం తెరవండి, సీనియర్‌కు ఫోన్ చెయ్యండి. దానివల్ల గౌరవం తగ్గదు.

భాష ఎంత అవసరం?

ఈ ఊళ్ళో చాలా అవసరం. తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ మూడూ రావాలి. మేస్త్రీ పనికీ సెక్యూరిటీ పనికీ వచ్చినవాళ్ళతో హిందీ లేకుండా కుదరదు. భాష వస్తే చాలదు, నొప్పి మాటలు తెలియాలి. ఇంగ్లీషులో అన్నిటినీ పెయిన్ అని రాసేస్తాం. మనవాళ్ళు అలా చెప్పరు. "సలుపుతోంది" అంటే లోపల చీము పట్టిందేమో చూడాలి. "కాళ్ళు గుంజుతున్నయి, అరికాళ్ళల్ల మంట" అంటే షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయేమో చూడాలి. "పోటు" వేరు, "తీపు" వేరు, "తిమ్మిరి" వేరు. "పానం మంచిగ లేదు" అని ఒక ఇల్లాలు వరసగా మూడుసార్లు వచ్చి, ప్రతిసారీ పరీక్షలన్నీ బాగుంటే, తలుపు వేసి, పక్కన ఉన్న భర్తను బయట కూర్చోమని, "ఇంట్ల ఎట్లున్నదమ్మా?" అని అడగాలి. ఆ జవాబుకు పది నిమిషాలు కేటాయించలేకపోతే ఈ బ్రాంచి తీసుకోకండి.

సూది వెయ్యమని, సెలైన్ ఎక్కించమని పట్టుబడితే ఏం చేస్తారు?

అవసరం లేకపోతే వెయ్యను. ఎందుకు వద్దో చెప్తాను. కొందరు కోపంతో వెళ్ళిపోతారు. సగంమంది తిరిగి వస్తారు. మామూలు జలుబుకు యాంటీబయాటిక్ విషయంలోనూ అంతే.

అమెరికా, బ్రిటన్ వెళ్ళాలనుకుంటే?

అక్కడ ఇది ఎప్పుడో స్థిరపడిన స్పెషాలిటీ. అమెరికాలో 1969లో గుర్తింపు వచ్చింది, రెసిడెన్సీ (అక్కడి పీజీ శిక్షణ) మూడేళ్లు. బ్రిటన్‌లో ఫ్యామిలీ డాక్టర్‌ను జీపీ అంటారు, ఆ శిక్షణ మూడేళ్లు, కెనడాలో రెండేళ్లు. అయితే ఇక్కడి డీఎన్‌బీ చూపించి నేరుగా అక్కడ ప్రాక్టీసు పెట్టలేరు. వాళ్ళ పరీక్షలు రాసి, వాళ్ళ శిక్షణలో చేరాలి. వెళ్ళడమే లక్ష్యమైతే ఇక్కడ మూడేళ్లు పెట్టే ముందు ఆ లెక్క వేసుకోండి.

పెళ్ళి సంబంధాలప్పుడు "ఉత్త డాక్టరా?" అంటారని మా అమ్మ దిగులు.

అంటారు. నన్నూ అన్నారు. ఇప్పుడు అలా అన్న చుట్టాలే రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "అమ్మా, ఈ రిపోర్టు ఒకసారి చూస్తావా?" అంటున్నారు. చూసిపెడుతున్నాను.

ఎవరు దీన్ని తీసుకోకూడదు?

ఆపరేషన్ థియేటర్‌లో చేతిపనే మీకు ఆనందమైతే వద్దు. ఒక జబ్బును అడుగుదాకా తవ్వాలన్న పట్టుదల ఉంటే వద్దు. చేసిన పనికి ఫలితం ఆ రోజే కనబడాలనుకునేవాళ్ళకు ఇక్కడ చాలా కష్టం. నేను ఆరేళ్లుగా వెంటపడితే ఒక హోటల్ వంటమాస్టర్ పోయిన దసరాకు సిగరెట్ మానేశారు. అది నాకు పెద్ద విజయం. మీకూ అలా అనిపిస్తుందా లేదా అని ఆలోచించుకోండి.

ఇంటర్ చదువుతున్నాను. ఎవరిదైనా క్లినిక్‌లో కూర్చుని చూడొచ్చా?

మీ ఇంటి దగ్గర డాక్టర్‌గారిని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. పొద్దున కాదు, సాయంత్రం ఏడు దాటాక వెళ్ళండి. దుకాణాలవాళ్ళు, ఆఫీసులవాళ్ళు, రోజు కూలీకి వెళ్ళేవాళ్ళు అప్పుడే వస్తారు. పేషెంట్ వద్దంటే వెంటనే బయటికి రావాలి. ఫోన్ బ్యాగులోనే ఉంచండి, ఎవరి ఫొటో, ఎవరి పేరు వద్దు. చిన్న పుస్తకంలో ఒక్కటే రాసుకోండి: పేషెంట్ లోపలికి వచ్చి మొదట ఏ మాట చెప్పారు, లేచి తలుపు దగ్గరికి వెళ్ళి, గడియ మీద చెయ్యి పెట్టి, "డాక్టరమ్మా, ఇంకొక్క మాట" అని ఏం చెప్పారు. పది రోజులు రాశాక ఆ పుస్తకం తీసుకుని నా దగ్గరికి రండి, ఆ రెండో మాటల గురించి కూర్చుని మాట్లాడుకుందాం.